భూమిలోకి దిగిన లిఫ్టు

కంప్యూటర్ గది, బడి

తమ్ముడికి,

నువ్వు పంపిన అట్టపెట్టె చేరి నెల దాటింది. ఆ ముక్క ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో చెబితే నువ్వు ఊఁ కొడుతూ అవతల ఎవరి కాగితాల మీదో సంతకాలు పెడుతుంటావు. ఉత్తరమైతే చదివినంతసేపైనా అడ్డు తగలవని రాస్తున్నాను.

పెట్టెలో ఏమేమున్నాయో నీకు తెలిసి ఉండదు. నువ్వు పంపించమనే అధికారివే గాని సర్దే మనిషివి కావు. టోపీలున్నాయి. 'రేపటి కోడ్ నాదే' అని అచ్చేసిన చొక్కాలున్నాయి, అన్నీ ఒకే కొలత. ఆరో తరగతి పిల్లవాడు ఒకడు వేసుకుంటే వాడికి మోకాళ్లు కనపడలేదు. అట్టతో చేసిన మరమనిషి ఉంది, దారం లాగితే చెయ్యెత్తుతుంది. వీటన్నిటి పైన ఉపాధ్యాయులకు సూచనలు: 'విద్యార్థులందరూ ఏకకంఠంతో నినాదం ఇచ్చునట్లు చూడవలెను.' అడుగుదాకా వెతికాను. కీబోర్డు ఒక్కటి లేదు. మౌసు ఒక్కటి లేదు. ఈ గదిలో సగం యంత్రాలు లేవవు. లేచినవాటిలో ఒకదానికి స్పేస్ బార్ ఊడిపోతే పిల్లలు రబ్బరు ముక్క అంటించుకుని నొక్కుతున్నారు. యువతకు కంప్యూటర్ల మీద ఆసక్తి కలిగించడానికి మీ శాఖ కంప్యూటరు తప్ప అన్నీ పంపింది. ఎంత చక్కని శాఖ.

ఇక పోస్టరు. మా హెడ్మాస్టరు ఒకటి గేటుకు, ఒకటి వరండాలో, ఒకటి మంచినీళ్ల కుళాయి పక్కన అంటించారు. మన మిరియం మొహం అంతెత్తున నవ్వుతోంది. కింద 'కంప్యూటర్ నా నేస్తం' అని రాసి ఉంది. అది నీ కూతురనీ, నా ఇంట్లో ఉండి ఇక్కడే తొమ్మిది చదువుతోందనీ బడిలో తెలియనివాళ్లు లేరు. నీళ్లు తాగడానికి వెళ్లిన ప్రతివాడూ ఒకసారి పోస్టరునీ, ఒకసారి దాన్నీ చూసి వస్తున్నాడు. నువ్వు బదిలీ మీద వెళ్తూ ఏడాది మధ్యలో బడి మార్చడం దేనికని దాన్ని నా దగ్గర వదిలినప్పుడు, దాని మొహం కూడా ఇలా ఊరంతా పంచుతావని చెప్పలేదు.

మిరియం బాగానే ఉంది. తింటోంది. జలుబు తగ్గింది. చదువు సంగతి అదే చెబుతుంది, నన్నడగకు.

అక్క


ప్రచార విభాగం, నాలుగో అంతస్తు

అక్కకు,

నీ ఉత్తరం ఆఫీసు తపాలాలో వచ్చింది. మా గుమాస్తా విప్పి, చదివి, నవ్వు దిగమింగుకుంటూ నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఇక మీదట కవరు మీద 'సొంతం' అని రాయి.

చొక్కాల కొలత గురించి సంబంధిత అధికారికి తెలియజేస్తాను. ఇంకో మాట కూడా చెప్పనీ. నువ్వు ఆ గదిలో కూర్చుని నీ ముందుకొచ్చిన నలుగురినీ చూస్తావు. ఆ గదివైపు తొంగి కూడా చూడని పిల్లల గురించి నేను ఆలోచించాలి. 'అది మనవల్ల కాదు, అది తెలివైనవాళ్లకి' అనుకుని దూరం నుంచే తప్పుకునేవాళ్లను గుమ్మందాకా తీసుకురావడం మా పని. టోపీ కోసం వచ్చారా, చొక్కా కోసం వచ్చారా నాకక్కర్లేదు. వచ్చాక నేర్పడం నీ వంతు. నువ్వు నీ వంతు చూసుకోకుండా నా వంతును చూసి నవ్వుతున్నావు.

పోస్టరు చూసి మా డైరెక్టరుగారు ఎంత సంతోషించారో నీకు తెలియదు. "ఈ అమ్మాయి కళ్లల్లో భవిష్యత్తు కనపడుతోందయ్యా" అన్నారు. సెలవుల్లో ఇక్కడి పెద్ద హాల్లో సభ పెడుతున్నాం. మిరియం వేదిక ఎక్కి తనకు కంప్యూటర్ల మీద ఇష్టం ఎలా కలిగిందో చెప్పాలి. ప్రసంగం రాయించి ఇందులో పెట్టాను. కాస్త దగ్గర కూర్చుని కంఠతా పట్టించు. వచ్చే నెల మా ప్రచార వ్యాను కూడా మీ బడికి వస్తుంది. దయచేసి పిల్లల ముందు నవ్వకు.

మిరియం నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా "బాగున్నా, అమ్మకివ్వు" అంటోంది. పరీక్షల ఒత్తిడా?

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల

తమ్ముడికి,

వ్యాను వచ్చింది, వెళ్లింది. నవ్వలేదు. పళ్ల బిగువున ఆపుకున్నాను, దవడలింకా నొప్పి.

మీరు పంపిన ఉపన్యాసకుడికి బూట్లు అద్దాల్లా ఉన్నాయి. మైకు తీసుకోగానే "ప్రపంచాన్ని మార్చాలని ఎవరికుంది?" అని అరిచాడు. అందరూ చేతులెత్తారు. గేటు దగ్గర కాపలావాడు కూడా ఎత్తాడు. "గట్టిగా వినపడలేదు" అన్నాడు. చేతులెత్తితే వినపడేదేమిటో నాకు అర్థం కాలేదు. తర్వాత వ్యానులోంచి కరెంటు మరమనిషిని దింపారు. అది కళ్లు ఎర్రగా వెలిగించి చెయ్యి ఊపింది. ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడి, "చెయ్యి ఎప్పుడు ఎత్తాలో దానికి ఎవరు చెబుతున్నారు సార్?" అని అడిగింది.

తమ్ముడూ, నేను ఈ చదువు చెప్పడం మొదలుపెట్టాక ఇంత మంచి ప్రశ్న నా చెవిన పడిన రోజులు చాలా తక్కువ. మీ మొత్తం ప్రచారం ఆ ఒక్క ప్రశ్న కోసమే కదా. మీవాడు దాని తల నిమిరి, "అదేనమ్మా టెక్నాలజీ మహిమ" అన్నాడు. అని, ఒక టోపీ పెట్టాడు. మన భాషలో టోపీ పెట్టడమంటే ఏమిటో మీ శాఖలో ఎవరికీ తెలియదనుకుంటాను. ఆ పిల్ల ఇంక అడగలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, మరమనిషి వీపు కనపడుతుందేమోనని పక్కకు వంగి చూస్తూ కూర్చుంది.

నువ్వు పంపిన ప్రసంగం చదివాను. 'కంప్యూటర్ నాకు రెండో అమ్మ' అట. మొదటి అమ్మకు ఈ వాక్యం చూపించావా? 'ప్రతి ఉదయం కీబోర్డు స్పర్శతో నా రోజు ప్రారంభమవుతుంది' అట. దాని రోజు నేను దుప్పటి లాగితే ప్రారంభమవుతుంది. ఈ ముక్కలు రాసినవాడు ఎప్పుడైనా పధ్నాలుగేళ్ల పిల్లతో మాట్లాడాడా?

కంఠతా పట్టించమన్నావు. పట్టించలేను. మిరియం కంప్యూటర్ తరగతి మానేసి రెండు నెలలు కావొస్తోంది. ఆ పీరియడ్‌లో ఇప్పుడు బొమ్మలు గీసే తరగతికి వెళ్తోంది. నీకు చెప్పొద్దంది, అందుకే చెప్పలేదు. నువ్వేమో సభలూ ప్రసంగాలూ దాకా వెళ్లిపోయావు కనుక ఇక చెప్పక తప్పలేదు.

అక్క


ప్రచార విభాగం

అక్కకు,

నువ్వు చెప్పని సగం నేను కనుక్కున్నాను. నాకైతే మిరియం చెప్పలేదు. నీ మరదలు డ్యూటీ ఆఖర్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, గంటసేపు ఫోన్‌లో బతిమాలి చెప్పించింది.

తరగతి మానేయడానికి ముందు మిరియం లిఫ్టు బొమ్మ ప్రోగ్రాము రాసి తరగతిలో చూపించింది. మీ అపార్టుమెంటు లిఫ్టు మూడో అంతస్తు వాళ్లను అంతసేపు ఎందుకు నిలబెడుతుందో తెలుసుకుందామని దాని ఆలోచన. ఎక్కడో తప్పు దొర్లింది. తెర మీద లిఫ్టు కింది అంతస్తు దాటి ఇంకా కిందికి, భూమిలోకి దిగిపోతూనే ఉంది. పిల్లలు నవ్వారు. అక్కడితో పోయేది. నువ్వు ఏమన్నావు?

"పోస్టరెక్కినవాళ్లు దిగేటప్పుడు ఇలాగే దిగుతారు" అన్నావు. తరగతి మొత్తం ముందు. అప్పట్నుంచి దాని పేరు 'పోస్టరు'. కుళాయి దగ్గర 'పోస్టరు', మెట్ల మీద 'పోస్టరు'.

ఆ మాట అన్నాక కూడా నాకు రెండు ఉత్తరాలు రాశావు. చొక్కాల మీద, బూట్ల మీద, టోపీల మీద. ఎంత సరదాగా రాశావో. మా గుమాస్తాకి నీ మూడో ఉత్తరం ఎప్పుడొస్తుందా అని ఆత్రం.

నీ తరగతికి ఏటా పిల్లలు ఎందుకు తగ్గిపోతున్నారో ఎప్పుడైనా ఆలోచించావా? యంత్రాలు లేవకపోవడం వల్ల కాదు. నీ ముందు తప్పు చేయాలంటే భయం. ఇంత వయసొచ్చి, ఇంత ఉద్యోగం చేస్తూ, నీకు ఉత్తరం రాసేటప్పుడు నాకే భయం. ఏ వాక్యాన్ని పట్టుకుని దులుపుతావోనని రెండుసార్లు చదువుకుంటాను. మేం పిల్లల్ని గుమ్మందాకా తెస్తున్నాం. గుమ్మంలో నువ్వు కూర్చుని ఉన్నావు.

తమ్ముడు


ఇల్లు

తమ్ముడికి,

అన్నాను. నువ్వు రాసినట్టే అన్నాను, ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఆ పుల్లవిరుపు మాట నీకోసం తయారుగా ఉంచుకున్నది. పోస్టరు చూసిన రోజు నుంచీ నాలుక చివర తిరుగుతోంది. అనే సమయానికి నువ్వు లేవు, అది ఉంది.

దానికి నాకు పడిన శిక్ష కూడా విను, సంతోషిస్తావు. ఒకే ఇంట్లో ఉంటూ నాతో "తలుపు వేశాను", "పాలు పొంగుతున్నాయి", ఇలాంటి మాటలే మాట్లాడుతోంది. అమర్యాద లేదు. అమర్యాదగా ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. ఒకరోజు "తరగతికి రావే" అన్నాను. "బొమ్మల టీచర్ బాగా చెబుతారు అత్తా" అంది. అంతే. ఆ "బాగా" అన్న మాట ఎంత మర్యాదగా అందో.

సరే, నా లెక్క తేలింది. ఇప్పుడు నీది చూద్దాం.

ఫోటో తీసిన రోజు నేను కంప్యూటర్ గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. నువ్వు మర్చిపోయి ఉంటావు, నీకు ఆ రోజు చాలా తొందర. మిరియం అప్పటికి మూడు వారాలుగా ఆ లిఫ్టు మీద కూర్చుంది. అప్పుడది సరిగ్గానే తిరిగేది. ఏ అంతస్తు వాళ్లు ఎంతసేపు నిలబడ్డారో కూడా పక్కన అంకెలు పడేవి. నువ్వు వస్తున్నావని ఇంకా ఏవో మార్పులు చేస్తూ, సేవ్ చేయడం కూడా మరిచిపోయి, నువ్వు రాగానే కుర్చీ జరిపి "నాన్నా, ఇది చూడు" అంది. "ముందు ఫోటో కానీరా, వెలుతురు పోతోంది, తర్వాత చూస్తా" అన్నావు. నీ వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు తెర వెలుగు మొహం మీద నీలంగా పడుతోందన్నాడు. "ఆపెయ్" అన్నావు. వాడు చెయ్యి పెట్టి మీట నొక్కేశాడు. అది "అయ్యో" అనేలోపే తెర నల్లబడింది. "నవ్వు తల్లీ, గడ్డం కొంచెం పైకి" అన్నావు.

నవ్వింది. దాని కళ్లల్లో మీ డైరెక్టరుగారికి కనపడిన భవిష్యత్తు అదే.

మీ కారు గేటు దాటాక మళ్లీ ఆన్ చేసి చూసుకుంది. పాతదేదో సగం ముక్క మిగిలింది. పోయిందంతా జ్ఞాపకం మీద, కోపం మీద, గబగబా మళ్లీ రాసింది. తరగతిలో భూమిలోకి దిగింది ఆ రెండోది. నువ్వు తర్వాత చూస్తానన్నావు కదా, ఇంకా చూడలేదు. ఏడాదిలో ఎన్ని బళ్లు తిరిగావో, ఎన్ని చేతులు ఎత్తించావో నీ నివేదికల్లో ఉంటుంది. కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్న ఒకే ఒక్క పిల్ల నీ ఇంట్లో పుడితే, దాని కంప్యూటర్ నువ్వే ఆపించావు. దానికి మిగిలిన కాస్త ఆసక్తి సంగతీ నేను చూసుకున్నాను. అక్కాతమ్ముళ్లం, పని పంచుకున్నాం.

సెలవులకు పంపుతున్నాను. వేదిక ఎక్కిస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం. పెన్ డ్రైవు బట్టల కింద పెట్టుకుని వస్తోంది. నేను చూడలేదనుకుంటోంది.

అక్క


ఇల్లు, భోజనాల బల్ల

అక్కా,

కవరు మీద 'సొంతం' అని రాసినందుకు సంతోషం. ఆ ఉత్తరం గుమాస్తా చదివి ఉంటే నేను ఆఫీసుకి వెళ్లలేకపోయేవాణ్ని.

మిరియం దిగిన మర్నాడు అడిగాను. "ఆ లిఫ్టు చూపిస్తావా" అని. "ఏ లిఫ్టు" అంది. "నేను చూడనిది" అన్నాను. గోరు కొరుక్కుంది. తర్వాత లోపలికి వెళ్లి పెన్ డ్రైవు తెచ్చి, నా లాప్‌టాప్‌ను నేను నోరెళ్లబెట్టేంత వేగంగా వాడింది. నేను దాన్ని కొన్నాక తెరిచింది ప్రసంగాలు దిద్దడానికే.

తెర మీద ఏవో వరసలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను. అది ఊరుకోలేదు.

"ఏం అర్థమైంది?" అంది.

"లిఫ్టు నడుస్తోంది" అన్నాను.

"ఇది లిఫ్టు కాదు, లిఫ్టుకి చెప్పే మాటలు. నాన్నా, నువ్వు అందర్నీ రండి రండి అని పిలుస్తున్నావు కదా, దేనికి పిలుస్తున్నావో నీకు తెలుసా?"

నీ గొంతు వినపడింది, అక్కా. నీ ఇంట్లో ఉంచినందుకు అంతమాత్రం అంటుకోకుండా ఎలా ఉంటుంది. తెలియదని ఒప్పుకున్నాను. అయితే మొదట్నుంచీ చెబుతానంది. ఒక్కో వరస మీద వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. పైకి వెళ్లేటప్పుడు ఇక్కడ చూస్తుంది, ఆఖరి అంతస్తు అయితే ఆగుతుంది, ఇలా. నేను ఊరికే కూర్చుంటే బాగుండదని, "మరి కింది అంతస్తు అయిపోయిందని దానికెలా తెలుస్తుంది?" అన్నాను.

"తెలియకపోవడం ఏంటి, ఇక్కడ..." అని ఆగిపోయింది. వేలు తెర మీదే ఉంది. పైన ఎక్కడ ఆగాలో చెప్పింది గాని కింద ఎక్కడ ఆగాలో చెప్పనేలేదట. మొదటిదాంట్లో చెప్పిందట, కోపంగా రాసినదాంట్లో ఆ వరస జారిపోయిందట. ఏదో కొట్టింది. మళ్లీ నడిపింది. లిఫ్టు కిందికి వచ్చి, నేల మీద బుద్ధిగా ఆగింది.

నేను కనిపెట్టానన్న సంతోషంలో భుజాలు ఎగరేశాను. "నువ్వు కనిపెట్టలేదు. నీకు ఏమీ తెలియదు కనక అన్నీ విడమరిచి చెప్పాల్సొచ్చింది, అలా చెబుతుంటే నాకు దొరికింది. నువ్వేం తెలియకుండా ఉండటం భలే పనికొచ్చింది నాన్నా" అంది. ఈ ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు ఇదొక్కటే అనుకుంటాను.

సభలో మాట్లాడనంది. సరేనన్నాను. డైరెక్టరుగారితో మా అమ్మాయికి ఇష్టం లేదని చెబితే, "ఇష్టంతో పనేముందయ్యా, పేరు అచ్చేశాం" అన్నారు. నేను కదల్లేదు. ఆఖరికి ఆయన మేనల్లుణ్ని ఎక్కించారు. కుర్రవాడు అదే ప్రసంగం చూసి చదివాడు, 'నేను ఒక ఆడపిల్లగా' అన్న వాక్యంతో సహా. హాలంతా చప్పట్లు కొట్టింది. తేడా ఒక్కరికీ తెలియలేదు. అక్కా, నువ్వు ఇన్నాళ్లూ రాసిన వెటకారమంతా ఒక ఎత్తు, ఆ చప్పట్లు ఒక ఎత్తు. ఎవరు ఎక్కినా సరిపోయే ప్రసంగం రాయించానని అప్పుడు తెలిసింది. వచ్చే ఏడాది ప్రచారం వేరేవాళ్లకు అప్పగిస్తున్నారట. ఆయన నాతో మాట్లాడటం లేదు.

నేను ఇప్పటికీ గుమ్మందాకా తేవాలనే అంటాను. ఆ ఏడో తరగతి పిల్ల వ్యాను రాకపోతే ఆ ప్రశ్న అడిగేది కాదు. ఇది నువ్వు ఒప్పుకోవు.

మిరియం నీ తరగతికి తిరిగి రానంటోంది. బలవంతం చేయకు.

తమ్ముడు


కంప్యూటర్ గది, శనివారం

తమ్ముడికి,

వ్యాను సంగతి ఒప్పుకుంటున్నాను. ఇది దాచుకో, మళ్లీ రాయను.

మిరియం తరగతికి రాలేదు. నేనూ అడగలేదు. తిరిగొచ్చిన వారం తర్వాత బడి వదిలాక ఈ గది గుమ్మంలో నిలబడింది. వెనకాల ఇద్దరున్నారు. ఒకతి నీ వ్యాను వచ్చినప్పుడు ప్రశ్న అడిగిన ఏడో తరగతి పిల్ల. ఇంకొకడు మిరియాన్ని 'పోస్టరు' అని మొదట పిలిచిన ఘనుడు. వాణ్ని ఎలా లొంగదీసిందో నాకు తెలియదు.

"శనివారాలు మాకు రెండు కంప్యూటర్లు కావాలి" అంది.

"తీసుకోండి" అన్నాను.

"నువ్వు ఉండొచ్చు. ఉండాలని హెడ్మాస్టరు గారన్నారు. కానీ మాట్లాడకూడదు."

"ఏమీనా?"

"ఏమీ. మేం తప్పు చేసినా. నవ్వకూడదు కూడా. ముక్కుతో కూడా."

ముక్కుతో నవ్వుతానని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నీకు తెలుసా? తెలిసే ఉంటుంది.

అలా ఇప్పటికి కొన్ని శనివారాలు గడిచాయి. కిటికీ పక్క బల్ల దగ్గర పరీక్ష పేపర్లు ముందు వేసుకుని కూర్చుంటాను. దిద్దను. వింటాను. ఆ ఘనుడు మొదటి రోజు గంటసేపు తప్పు దారిలోనే పడి కొట్టుకున్నాడు. నేను కూర్చున్న చోటికే కనపడుతోంది ఆ తప్పు. నోట్లో మాట తయారైంది, మంచిది కూడా, వింటే నువ్వు నవ్వేవాడివి. పెన్ను మూత కొరికాను. వాళ్లంతట వాళ్లే కనుక్కున్నారు. నేనైతే రెండు నిమిషాల్లో చెప్పేదాన్ని, వాడు వచ్చే శనివారం మానేసేవాడు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఇంత సర్వీసు పట్టింది. పోయిన వారం ఇంకో ఇద్దరు వచ్చారు. టోపీ లేకుండానే వచ్చారు.

ఇవాళ ఐదుగురూ ఒక్క తెర ముందు చేరి చాలాసేపు గుసగుసలాడారు. తర్వాత గుసగుసలు ఆగిపోయాయి. నేను తలెత్తలేదు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అత్తా, ఒకసారి ఇలా రా. ఇప్పుడు మాట్లాడొచ్చు."

లేచాను. పిల్లలు జరిగి చోటిచ్చారు. తెర మీద ఏదో అడ్డదిడ్డంగా నిలిచిపోయి ఉంది. చూడగానే, నీకు అబద్ధం చెప్పను, మొదట నోటికొచ్చింది ఎత్తిపొడుపే. మింగాను. ఇంకొకటి వచ్చింది, అదీ మింగాను. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు, మిరియం అయితే నా ముక్కువైపు చూస్తోంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎక్కడిదాకా బాగా నడిచిందో చూపించండి" అన్నాను.

అక్క